పిట్ట కాలి రింగు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పోటు తగ్గి రెండు గంటలైంది. కాకినాడలో కుంభాభిషేకం దగ్గర బురదమేట బయటపడి తళతళలాడుతోంది. దాని మీద వందల కొద్దీ తెల్ల పక్షులు, అన్నీ గాలికి ఎదురు తిరిగి నిలబడ్డాయి. వాటిలో ఒకదాని కాలికి ఆకుపచ్చగా ఏదో ఉన్నట్టు అనిపించింది. దూరాన్ని దగ్గరగా చూపే స్కోపు అటు తిప్పి ఫోకస్ సరిచేసేలోగా ఆ పక్షి కాలు పైకి లాక్కుని పొట్ట ఈకల్లో దాచేసుకుంది. ఇక ఒంటికాలి మీదే నిద్ర. నలభై నిమిషాలు చూశాను. పక్కన వల బాగుచేసుకుంటున్న ఒకాయన ఉండబట్టలేక అడిగాడు, "ఏటండీ అంతసేపు చూత్తన్నారు?" చెప్పాను. "గవర్నమెంటోళ్ల పిట్టాండి అయితే?" అన్నాడు.

ఆ ప్రశ్న వెర్రిదేమీ కాదు. కాలికి రింగో, వీపు మీద చిన్న యంత్రమో ఉన్న పక్షి దొరికిందని ప్రతి శీతాకాలం దేశంలో ఎక్కడో ఒకచోట వార్త వస్తుంది. వెంటనే రెండు మాటలు పుడతాయి. ఒకటి గూఢచారి అని, రెండోది రోగం మోసుకొచ్చిందని. ఈ రెండింటి సంగతి తేల్చుకోవాలంటే ముందు రింగు దేనికో తెలియాలి.

## ముందు ఆ పక్షులెవరు

మన తీరంలో వలల వెంట గోలగా తిరిగే తెల్ల పక్షుల్ని బర్డ్ వాచర్లు గల్ అంటారు. సన్నగా, కోసు రెక్కలతో, గాల్లో ఆగి నిట్టనిలువుగా నీళ్లలోకి దూకేవి టెర్న్‌లు. కాకినాడ అఖాతంలో ఎక్కువగా కనిపించేది బ్రౌన్ హెడెడ్ గల్. పేరుకు గోధుమరంగు తలే గానీ, మన దగ్గరున్న నెలల్లో దాని తల దాదాపు తెల్లగానే ఉంటుంది. కంటి వెనక ఒక మచ్చ మిగులుతుంది, అంతే. గోధుమరంగు టోపీ గుడ్లు పెట్టే కాలానికి వస్తుంది. ఆ పని అది టిబెట్ పీఠభూమి, లడఖ్ లాంటి ఎత్తైన చోట్ల సరస్సుల దగ్గర చేస్తుంది.

హంసల మాట కూడా చెప్పేయాలి, ఎందుకంటే చాలామంది అడుగుతారు. బాల్టిక్ సముద్రం ఒడ్డునున్న నగరాల్లో శీతాకాలం బ్రెడ్డు ముక్క కోసం మనిషి కాళ్ల దగ్గరికే హంసలొస్తాయి. వాటి రింగు నంబరు స్కోపు లేకుండానే చదవొచ్చు. నలుడి కబురు దమయంతికి మోసిన హంస మన కథల్లో ఉంది గానీ, గోదావరి డెల్టాకు మాత్రం హంసలు రావు. ఇక్కడ కబుర్లు మోసేవి గల్‌లు, టెర్న్‌లు, బురదలో ముక్కుతో గుచ్చి తినే ఉల్లంకి జాతి పిట్టలు. అవి మనిషి దగ్గరికి రావు. చదవడంలో కష్టమంతా అక్కడే.

## రింగులో ఉండేది ఒక నంబరు

1899లో డెన్మార్క్‌లోని వీబోర్గ్ ఊళ్లో మోర్టెన్‌సెన్ అనే బడిపంతులు అల్యూమినియం రింగుల మీద నంబరు, చిరునామా చెక్కి గోరువంక జాతి పిట్టలైన స్టార్లింగ్‌ల కాళ్లకు వేశాడు. అంతకుముందు జింకు రింగులు వేసి చూశాడు, బరువెక్కువై పనికిరాలేదు. నేటి రింగు పద్ధతికి అదే మొదలు. మన దేశంలో 1927లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ, అంటే బీఎన్‌హెచ్ఎస్, మొదలుపెట్టింది. వాళ్ల రింగు మీద ఇంగ్లీషులో 'ఇన్‌ఫార్మ్' అని, సొసైటీ పేరు, ఒక నంబరు ఉంటాయి.

లోహపు రింగుతో చిక్కేమిటంటే, దాని మీది అక్షరాలు చదవాలంటే పక్షి చేతికి చిక్కాలి, లేదా చచ్చి దొరకాలి. రంగు రింగులూ జెండాలూ అందుకే వచ్చాయి. జెండా అంటే కాలికి వేసే ప్లాస్టిక్ పట్టీ, ఒక పక్క చిన్న రెక్కలా బయటికి పొడుచుకొస్తుంది. దాని మీద రెండు మూడు పెద్ద అక్షరాలుంటాయి. రంగును బట్టి ఏ ప్రాంతంలో వేశారో తెలుస్తుంది. వాయవ్య ఆస్ట్రేలియాలో వేసింది పసుపు, అదే దేశంలో విక్టోరియా రాష్ట్రంలో వేసింది ఆరెంజి. బాతుల్లాంటి పెద్ద పక్షులకు మెడపట్టీ వేస్తారు. ఇక జీపీఎస్ ట్రాకర్ వేరే లోకం, అది ఎవరూ చూడకపోయినా తన దారి తానే చెప్పుకుంటుంది. 2022లో అలస్కా నుంచి టాస్మానియాకు పదకొండు రోజులు ఎక్కడా ఆగకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరిన గాడ్‌విట్ అనే పక్షి సంగతి అలా తెలిసిందే. ట్రాకర్ ఖరీదెక్కువ, కొన్ని పక్షులకే పెట్టగలరు. రింగు చవక, వేల పక్షులకు వేయొచ్చు.

రింగులో కథ ఏమీ రాసి ఉండదు. నంబరు, చోటు, తేదీ, ఈ మూడూ రింగు వేసిన రోజున ఒక రిజిస్టరులో ఎక్కుతాయి. మళ్లీ ఎవరో ఒకరు అదే నంబరును ఇంకో చోట, ఇంకో తేదీన చూసి చెబితే రెండో వరుస పడుతుంది. ఆ రెండో మనిషి లేకపోతే మొదటి వరుస అలా ఒంటరిగా ఉండిపోతుంది.

ఇంతకీ నా ఆకుపచ్చ రింగు. చివరికి పక్కనున్న పక్షి పొడిస్తే అది కాలు దించింది. మొదట 'కె', తర్వాత 8 లాంటి అంకె. మూడోది బురద కింద. 8 అవునా, 3 అవునా? ఎండలో రంగు వెలిసిన నీలమేమో, ఆకుపచ్చ అనుకుంటున్నానేమో? ఐ, ఓ, క్యూ అక్షరాల్ని చాలా చోట్ల అసలు వాడరు, 1తోనూ 0తోనూ కలిసిపోతాయని. అయినా సగం చదివిన రింగును పూర్తి నంబరుగా ఊహించి రాసేవాళ్లు ఉంటారు. దానికన్నా రాయకపోవడమే నయం. ఎందుకంటే తప్పు నంబరు ఇంకో పక్షి జీవితంలోకి వెళ్లి కూర్చుంటుంది. ఎప్పుడో చచ్చిన పక్షి కాకినాడలో బతికొస్తుంది.

## లెక్క: చేపల చెరువుతో మొదలుపెడదాం

ఇన్ని నంబర్లు పెట్టుకుని ఏం చేస్తారు? మొదటి ఉపయోగం దారి తెలుసుకోవడం. రెండోది లెక్క. ఈ లెక్క భీమవరం వైపు చెరువు రైతుకు చెబితే అరనిమిషంలో పట్టేస్తాడు.

చెరువులో బొచ్చె, శీలావతి ఎన్ని ఉన్నాయో తెలియదు. వలేసి 200 చేపల్ని పట్టి, రెక్క కొస కొద్దిగా కత్తిరించి వదిలేశామనుకుందాం. వారం తర్వాత మళ్లీ వలేస్తే 150 పడ్డాయి. వాటిలో కత్తిరించినవి 6. అంటే పట్టిన ప్రతి పాతిక చేపల్లో ఒకటి గుర్తున్నది. చెరువంతా అదే పాళ్లలో ఉంటే, గుర్తున్న 200 చేపలు మొత్తంలో పాతికో వంతు. కాబట్టి చెరువులో సుమారు 5,000 చేపలున్నాయి.

ఈ లెక్క నిలబడాలంటే కొన్ని షరతులున్నాయి. వారంలో చేపలు బయటికి పోకూడదు, కొత్తవి రాకూడదు. గుర్తు చెరగకూడదు. గుర్తేసిన చేప వలంటే భయపడి మూలకు చేరకూడదు. చెరువుకు గట్టుంది, తూముకు జాలీ ఉంది, ఫర్వాలేదు. కాకినాడ అఖాతానికి గట్టెక్కడిది? ఇవాళ హోప్ ఐలాండ్ ఇసుక మీదున్న గల్ రేపు కోరంగి మడ అడవుల్లోని పాయల్లో, ఎల్లుండి ఉప్పుమడుల్లో ఉంటుంది. మార్చి దాటితే అసలు ఈ దేశంలోనే ఉండకపోవచ్చు. అందుకే పక్షుల విషయంలో ఈ సాదా లెక్క చాలదు. ఏటా జనవరిలో ఆసియాలోని చాలా దేశాల్లో కలిపి నీటిపక్షుల గణన 1987 నుంచి జరుగుతోంది. సంఖ్య ఎంతో అది చెబుతుంది, ఎవరు బతికారో చెప్పలేదు. రింగు దానికి జోడీ.

## కనపడకపోతే చచ్చిపోయినట్టేనా?

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు, అందుకే కాస్త నిదానంగా చూద్దాం. అంకెలు ఉదాహరణకు నేను వేసుకున్నవి.

ఒక శీతాకాలం 100 గల్‌లకు రింగులు వేశాం. రెండో శీతాకాలం వెతికితే 30 కనిపించాయి. "డెబ్భై శాతం చచ్చిపోయాయి" అని హెడ్డింగు పెట్టేయొచ్చు. ఆగి, మూడో శీతాకాలం కూడా వెతికాం. ఈసారి 28 కనిపించాయి. వాటిలో 16 మాత్రమే నిరుడు కనిపించినవి. మిగతా 12 నిరుడు మన కంటపడలేదు, కానీ ఇప్పుడున్నాయంటే నిరుడూ బతికే ఉన్నట్టు.

అంటే నిరుడు కచ్చితంగా బతికున్న ఈ 28లో మనం చూడగలిగింది 16, నూటికి 57. మన చూపు సామర్థ్యం అంతే. బతికున్నవాటిలో నూటికి 57 చొప్పున చూస్తే 30 కనిపించాయి కాబట్టి, నిజానికి బతికున్నవి దాదాపు 52. డెబ్భై చావులు కాస్తా నలభై ఎనిమిదికి దిగాయి. పైగా ఆ నలభై ఎనిమిదీ చావులేనని కూడా అనలేం. కొన్ని ఈసారి కాకినాడ బదులు చిలికా సరస్సుకో, పులికాట్‌కో పోయి ఉండొచ్చు. ఈ చిక్కు ఉంది కాబట్టే శాస్త్రవేత్తలు దీన్ని బతుకు శాతం అనకుండా 'పైకి కనిపించే బతుకు శాతం' అంటారు. ఆ 'పైకి కనిపించే' అన్న ముక్క వార్తల్లోకొచ్చేసరికి ఎగిరిపోతుంది.

ఉప్పునీళ్ల దెబ్బ ఇంకొకటి. అల్యూమినియం మెత్తని లోహం, ఉప్పూ ఇసుక రాపిడీ దాన్ని తినేస్తాయి, అంకెలు అరుగుతాయి, చివరికి రింగే ఊడిపోతుంది. ముందు ఊడేది ఎవరికి? ఎక్కువ కాలం బతికిన పక్షికి. అంటే ముసలి పక్షులే లెక్కలోంచి జారిపోతాయి, ఆ జాతి ఆయుష్షు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. అందుకే సముద్రపు పక్షులకు స్టీలు లాంటి గట్టి లోహాలు వాడతారు. పసిఫిక్‌లోని మిడ్‌వే దీవిలో 1956లో రింగు వేసిన ఆల్బట్రాస్, విజ్‌డమ్ అని దానికి పేరు, 2024లో కూడా గుడ్డు పెట్టింది. ఈలోగా దాని రింగును పలుమార్లు మార్చారు. మార్చకపోయుంటే అది ఎవరో తెలిసేదే కాదు.

## చూసేవాళ్లున్న చోటే పక్షులున్నట్టు

పటం మీద రింగులు కనిపించిన చోట్లకు చుక్కలు పెడితే, అది పక్షుల పటంలా ఉంటుంది గానీ నిజానికి అది స్కోపులున్న మనుషుల పటం. కాకినాడ బురదమేట ఊరికి ఆనుకునే ఉంది, ఆదివారం పొద్దున్నే బండి మీద వెళ్లొచ్చు. అక్కడ చుక్కలు పడతాయి. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోట, వైనతేయ ముఖద్వారంలో, గౌతమి పాయల మధ్య పడవ తప్ప ఏదీ పోని ఇసుకతిన్నెల మీద చుక్కలు తక్కువ. పక్షులు లేవని ఎవరూ అనలేరు.

ఇండియన్ స్కిమ్మర్ విషయంలో ఇది బాగా తగులుతుంది. కింది ముక్కు పైదానికన్నా పొడుగ్గా ఉండి, ఎగురుతూనే నీటి మీద గీతలా కోసుకుంటూ చేపను పట్టే పక్షి ఇది. ప్రపంచంలో అంతరించిపోయే ముప్పున్న జాతుల్లో ఒకటి. వేసవిలో చంబల్ నది ఇసుకదిబ్బల మీద గుడ్లు పెడుతుంది, అక్కడ పిల్లలకు రింగులు వేస్తున్నారు. శీతాకాలం కాకినాడ తీరంలో ఈ స్కిమ్మర్ల గుంపులు దిగుతాయి. చంబల్‌లో ఆనకట్ట నీళ్లు వదిలితే గూళ్లు మునిగిపోతాయి, నీళ్లు మరీ తగ్గితే దిబ్బలు ఒడ్డుకు కలిసిపోయి కుక్కలొస్తాయి. ఆ కష్టం ఏడాదికెన్ని పిల్లల్ని మిగిల్చిందో చెప్పే సాక్ష్యంలో కొంత ఇక్కడి బురదలో నిలబడి ఉంటుంది. కానీ ఆ రింగు ఇక్కడ ఎవరో ఒకరు చదవాలి కదా.

## గూఢచారి పావురం

2023 మేలో ముంబయి ఓడరేవు దగ్గర ఒక పావురం దొరికింది. కాళ్లకు రింగులు, రెక్కల మీద చైనా లిపిలాంటి రాత. కేసు పెట్టారు, పక్షిని ఆసుపత్రిలో ఉంచారు. ఎనిమిది నెలల తర్వాత తేలిందేమిటంటే అది తైవాన్‌లో పందేలకు ఎగిరే పావురం, దారి తప్పింది. 2024 జనవరి చివర్లో వదిలిపెట్టారు.

ఓడరేవు, సముద్రంలో గ్యాస్ బావులు ఉన్న మన తీరంలో పోలీసులకు టెన్షన్ రావడం సహజమే, పరిశీలించడం వాళ్ల పని. అయితే రింగు అనేది తన చిరునామా తానే చెప్పుకునే వస్తువు. ట్రాకర్ చెప్పేది పక్షి ఎక్కడుందో, కొన్నిట్లో ఉష్ణోగ్రత, కదలిక. పక్షి ఎటు పోవాలో పెట్టినవాడి చేతిలో ఉండదు. ఇక మన దేశంలో రింగు వేయడానికి పక్షిని పట్టాలన్నా 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అనుమతి కావాలి. బీఎన్‌హెచ్ఎస్‌కు పక్షుల్ని వలపన్ని పట్టిపెట్టినవాళ్లలో చాలామంది బిహార్ నుంచి వచ్చిన మీర్‌షికార్లు, తరతరాలుగా పక్షుల్ని పట్టే వృత్తివాళ్లు. పక్షికి ఈక చెదరకుండా పట్టడం వాళ్ల చేతుల్లో ఉన్న విద్య.

## బర్డ్ ఫ్లూ: రెండు వైపుల వాదన

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు కోళ్ల ఫారాల నమూనాల్లో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ ఉందని భోపాల్ ల్యాబ్ తేల్చింది. చికెన్ షాపులు వెలవెలబోయాయి. "వలస పక్షులే తెచ్చాయి" అన్న మాట టీ కొట్ల దాకా వచ్చింది.

ఆ మాట వెనక ఆధారం లేకపోలేదు. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు దగ్గర ఇదే రకం వైరస్‌తో 6,000కు పైగా అడవి పక్షులు చచ్చాయి. వాటిలో బార్ హెడెడ్ గూస్ అనే బాతులతో పాటు మన కాకినాడకు వచ్చే జాతి బ్రౌన్ హెడెడ్ గల్‌లూ ఉన్నాయి. ఆ తర్వాత వైరస్ పడమటి దేశాలకు పాకిన తీరులో పక్షుల వలసకు పాత్ర ఉందని చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకుంటారు.

రెండో వైపు వాళ్లు అడిగేది ఇది: గల్ ఉండేది తీరంలో, మూసిన షెడ్డులోకి అదెలా దూరింది? వైరస్‌కు లారీ ఉంది, కోడిగుడ్ల ట్రే ఉంది, మేత బస్తా ఉంది, పనివాడి చెప్పులున్నాయి, చచ్చిన కోడిని పారేసిన కాలవుంది. మన దగ్గర ఇంకా రెండున్నాయి. కోతలయ్యాక పొలం నుంచి పొలానికి తోలుకుపోయే బాతుల మందలు అడవి బాతులు దిగే నీళ్లలోనే మేస్తాయి. ఇక సంక్రాంతికి పందెం కోళ్లు ఎన్ని జిల్లాలు తిరుగుతాయో ఎవరూ లెక్క రాయరు. అడవి పక్షి నుంచి ఫారానికి వచ్చినట్టే, ఫారం చెత్త నుంచి కాకికీ కొంగకూ అంటుకోవచ్చు కూడా.

నాకైతే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసే వాదనలు కావనిపిస్తుంది. దూరం నుంచి రావడం ఒక ఘట్టం, ఊళ్లో పాకడం మరో ఘట్టం. ఏ ఫారానికి ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చేది వైరస్ జన్యుక్రమం. రింగు చేసేది చిన్న పనే గానీ అవసరమైన పని: ఏ సరస్సు పక్షి ఏ తీరానికి, ఏ నెలలో వస్తుందో చెబుతుంది. ఆ పక్షి ఒంట్లో వైరస్ ఉందో లేదో చెప్పదు.

విచిత్రమేమిటంటే మన దేశంలో రింగులు పెద్ద ఎత్తున వేయడానికి కారణం కూడా ఒక రోగం మీది అనుమానమే. 1957లో కర్ణాటకలో క్యాసనూరు అడవి జ్వరం బయటపడింది. రష్యాలోని ఒక జ్వరం వైరస్‌కు అది దగ్గరగా ఉంది. పక్షుల ఒంటి మీది పిడుదులతో సైబీరియా నుంచి వచ్చిందేమోనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు సందేహం కలిగింది. దాని సాయంతోనే 1959 నుంచి పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ నాయకత్వంలో ఈ పని ఊపందుకుంది. ఆ అనుమానం రుజువు కాలేదు. వలస దారుల సమాచారం మాత్రం మిగిలింది.

## పక్షికి కష్టం కాదా?

ఇది అడగాల్సిన ప్రశ్నే. పెట్టే పరికరం బరువు పక్షి బరువులో నూటికి మూడు మించకూడదన్నది ఎక్కువమంది పాటించే హద్దు. అరకిలో గల్‌కు 15 గ్రాములు. అరవై గ్రాముల ఉల్లంకికి రెండు గ్రాములు కూడా కుదరదు, అందుకే చిన్న పిట్టలకు ఇప్పటికీ రింగూ జెండాయే దిక్కు. కాలి రింగు వల్ల సాధారణంగా పెద్ద హాని కనిపించలేదు గానీ, అన్ని రకాల గుర్తులకూ అదే మాట చెల్లదు. కింగ్ పెంగ్విన్‌ల రెక్కకు వేసిన పట్టీల మీద పదేళ్లు చూసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పట్టీ ఉన్నవాటికి పిల్లలు 39 శాతం తగ్గాయి, బతుకు 16 శాతం తగ్గింది. ఈదేటప్పుడు పట్టీ నీటికి అడ్డం పడుతుంది. అంటే పక్షిని కొలవడానికి వేసిన గుర్తే కొలతను పాడుచేసింది. ఆ అధ్యయనం చేసిన శాస్త్రవేత్తలు వాడుకలో ఉన్న పద్ధతి మంచిదే అని ఊరుకోకుండా దాన్నే ఇలా పరీక్షకు పెట్టడం నాకు నచ్చిన విషయం.

## ఒక రింగు

వల బాగుచేసుకుంటున్నాయన ఇవన్నీ విని లేచి, తాటాకు పాక లోపలికి వెళ్లి తాళాల గుత్తి పట్టుకొచ్చాడు. తాళాల మధ్య సన్నని బూడిదరంగు రింగు. ఎండకేసి పట్టి చూస్తే 'ఇన్‌ఫార్మ్' అన్నదానిలో మూడు అక్షరాలు తెలుస్తున్నాయి. నంబరు ఉండాల్సిన చోట నున్నగా అరిగి ఉంది. గోరుతో తడిమినా గాటు తగల్లేదు.

"ఎప్పుడు దొరికిందండీ?"

"మా నాన్నకి దొరికిందండి, వల్లో పడి చచ్చిన పిట్ట కాలికి. తుఫానొచ్చిన ఏడు."

ఇక్కడ తుఫానులకేం కొదవ. ఏ తుఫానని అడిగాను.

"తొంభయ్యారండి. తుఫాను నవంబర్లో కదండీ, తరవాత నెల్లాళ్లకి. ఆయ్, బాగా గుర్తు."